క్యూషీటులో కార్తె

రేడియోలో సంగీత విభాగం చూసేవాళ్ల మీద బయటివాళ్లకు కొంచెం అసూయ ఉంటుంది. పొద్దస్తమానం పాటలు వింటూ, నచ్చినవి ఏరి గాలిలోకి వదలడమే కదా, దానికి జీతం కూడానా అంటారు. ఆ గదిలో కాసేపు కూర్చుంటే భ్రమ వదిలిపోతుంది. బల్ల మీద పాట కంటే ముందు కనిపించేవి గడియారం, కాగితం, పంచాంగం. అనంతపురం లాంటి చోట వీటికి తోడు కిటికీ కూడా. మబ్బు పట్టిందా లేదా అని మాటిమాటికీ చూడాల్సిన కిటికీ.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల ఇది. ఆ సగటు కూడా పేరుకే. ఒక ఏడు అందులో సగం పడుతుంది, మరో ఏడు రెండు రాత్రుల్లోనే అంతా కురిసి చెరువులు తెంపుతుంది. ఆకాశవాణి ఇక్కడ స్థానిక ఎఫ్‌ఎం కేంద్రాన్ని నడుపుతోంది, 101.7 మెగాహెర్ట్జ్ మీద. స్థానిక రేడియో అన్న ఆలోచన దేశంలో 1984 అక్టోబరు 30న తమిళనాడులోని నాగర్‌కోయిల్‌లో మొదటిసారి అమలైంది. ఒక జిల్లాకు చాలినంత చిన్న ట్రాన్స్‌మిటర్, కొద్దిమంది సిబ్బంది, ఊళ్లలోకి వెళ్లి గొంతులు పట్టుకొచ్చే పని. అంతకుముందు అనంతపురం శ్రోతకు దగ్గరి తెలుగు గొంతు కడపదే. 1963లో మొదలైన ఆ కేంద్రం మీడియం వేవ్ మీద వచ్చేది. హిందూపురం, మడకశిర వైపు ముల్లు కాస్త తిప్పితే బెంగళూరు ఇంకా గట్టిగా పలికేది. అందుకే ఇక్కడి చెవికి కన్నడ భావగీతం కూడా పరాయిది కాదు. ఈ సంగతి తెలియనివాడు ఈ జిల్లాకు పాటలు వేయలేడు.

పని ఎలా జరుగుతుందో ముందు చెప్పాలి. రేడియోలో ఏ రోజుకారోజు అనుకుని చేసేది చాలా తక్కువ. కార్యక్రమాల పట్టిక మూడు నెలలకోసారి తయారవుతుంది. ఏ తేదీన ఏ వేళకు ఏ విద్వాంసుడు, ఏ నాటకం, ఎవరి ప్రసంగం అన్నీ అందులో ఉంటాయి. కళాకారులకు కాంట్రాక్టు కాగితాలు వెళ్లాలి, రికార్డింగులు పూర్తికావాలి, కనుక ముందుచూపు తప్పదు. ఆ పట్టికలోంచి ప్రతి రోజుకూ క్యూషీటు పుడుతుంది. ఫలానా నిమిషానికి ఫలానా టేపు, పాట ఎవరిది, రాసిందెవరు, స్వరపరిచిందెవరు, నిడివి ఎంత. డ్యూటీ గదిలో ఉన్న అధికారికీ, స్టూడియోలో ఉన్న అనౌన్సరుకూ అదే వేదం. మర్నాడు పొద్దున్నే సమావేశంలో నిన్నటి ప్రసారాన్ని వరస పెట్టి విప్పుతారు. ఎక్కడ ఆలస్యమైంది, ఎక్కడ టేపు తప్పు పడింది, అనౌన్సరు ఏ రాగానికి ఏ పేరు చెప్పింది!

క్యూషీటు రాయడంలో అసలు విద్య వెనక్కి లెక్కగట్టడం. విజయవాడ నుంచి ప్రాంతీయ వార్తలు అందుకోవాల్సిన క్షణం కదలదు. ఆ క్షణం నుంచి వెనక్కి నడవాలి. ఇరవై అయిదు నిమిషాల భక్తి సంగీతం అనుకుందాం. నాలుగు పాటలు ఎంచాం. ఒకటి 5 నిమిషాల 40 సెకన్లు, రెండోది 4.10, మూడోది 6.25, నాలుగోది 5.15. మొత్తం ఇరవై ఒకటిన్నర. మొదట్లో, మధ్యలో, చివర కలిపి అయిదు ప్రకటనలు, తలా ఇరవై సెకన్లు. కూడితే 23 నిమిషాల 10 సెకన్లు. ఇంకా మిగిలింది నిమిషం యాభై. ఇంకో పాటకు చాలదు, మౌనానికి ఎక్కువ. రేడియోలో అయిదు సెకన్ల నిశ్శబ్దం వస్తే శ్రోత సెట్టు మీద ఒక్క చరుపు చరుస్తాడు. పది సెకన్లయితే వేరే స్టేషనుకు పోతాడు.

ఆ నిమిషం యాభైని నింపే దాన్ని ఫిల్లర్ అంటారు. సాధారణంగా ఒక వేణువు ముక్కో వీణ ముక్కో వేసి, వార్తల వేళకు మెల్లగా తగ్గించేస్తారు. పత్రికల్లో దాని పేరు పడదు. శ్రోతలు దాని గురించి ఉత్తరం రాయరు. కానీ ఈ వృత్తిలో మనిషి పనితనం తెలిసేది అక్కడే అని నా నమ్మకం. పెద్ద పెద్ద వేళలన్నీ మూడు నెలల ముందే, చాలాసార్లు పైనుంచి వచ్చిన నియమాల ప్రకారం బిగిసిపోయి ఉంటాయి. ఇవాళ ఊళ్లో ఏం జరుగుతోందో తెలిసిన చెవికి చోటు దొరికేది ఈ చీలికల్లోనే.

అనంతపురం సంగతే తీసుకోండి. మూడు నెలల పట్టిక ఏప్రిల్, మే ఎండల్లో రాస్తారు. అందులోని జూలై మూడో వారం ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు. మృగశిరలో నాలుగు చినుకులు పడి నేల మెత్తబడితే, ఆరుద్రకల్లా గొర్రు కడతారు, జడ్డిగంలో చెనక్కాయ విత్తనం పడుతుంది. అంతకుముందు ఇళ్లలో ఆడవాళ్లు గుంపుగా కూర్చుని విత్తనపు కాయ ఒలుస్తుంటారు. చేతులకు పని, చెవులకు తీరిక. రేడియోకు అంతకన్నా మంచి సభ దొరకదు. ఆ రోజుల్లో మధ్యాహ్నం వేళ ఒక్కరు పాడితే నలుగురు అందుకునే పాటలు పడాలి. వినేవాళ్లు ఊరికే వినరు, పల్లవి దగ్గర తామూ కలుస్తారు. ఒంటి గొంతుతో సాగే దీర్ఘాలాపన ఎంత గొప్పదైనా అక్కడ నిలవదు.

వాన రాకపోతే లెక్కంతా తిరగబడుతుంది. చెనక్కాయ ఊడ దిగే వేళ బెట్ట పడితే, పొలం గట్టు మీద కూర్చున్న రైతు చెవిలో సినిమావాళ్ల వాన పాట పడడం కంటే క్రూరమైన పని మరొకటి లేదు. తడిసిన చీరలో నాయిక, గొడుగు కింద నాయకుడు, వెనక వయొలిన్ల జల్లు. పట్టిక ప్రకారం అందులో తప్పేమీ లేదు. ‘మీరు కోరిన పాటలు’ కార్యక్రమంలో ఎవరో నిజంగానే కోరి ఉండవచ్చు. అయినా ఆ వారం దాన్ని పక్కనపెట్టాలి. ఈ నిషేధం ఏ నియమావళిలోనూ రాసి ఉండదు.

కప్పతల్లి పాట విషయం ఇంకా సున్నితం. రోకలికి కప్పను, వేపమండలను కట్టి, ఇంటింటికీ తిరిగి, గడపగడపకూ నీళ్లు పోయించుకుంటూ పాడే పాట అది. వాన కోసం ఎదురుచూసే రోజుల్లో దాన్ని ప్రసారం చేస్తే ఊరి మొక్కుకు రేడియో గొంతు కలిపినట్టే. వేసిన విత్తనం మాడిపోయాక అదే పాట వస్తే ఎగతాళి చేసినట్టు తోస్తుంది. ఒకే టేపు, ఒకే గొంతు. మధ్యలో గడిచింది మూడు వారాలు, అంతే. ఇందులో జాగ్రత్త మరీ ఎక్కువైందని ఎవరైనా అంటే, వాళ్లు ఆగస్టులో ఉరవకొండ, కళ్యాణదుర్గం వైపు ఒకసారి పోయి రావాలి.

ఈ సీమలో పాటలు వేసేవాళ్లకు ఒక క్యాలెండరు చాలదు. ఉగాది, శివరాత్రి, కదిరి నరసింహస్వామి తేరు తిథిని బట్టి వస్తాయి. నార్పల మండలం గూగూడులో కుళ్లాయిస్వామి పీర్ల పండుగ చంద్రుణ్ణే నమ్ముకుని నడుస్తుంది. అధికమాసం లేని లెక్క కనుక ఏటా పదీ పదకొండు రోజులు ముందుకు జరుగుతూ పోతుంది. హిందువులు, ముస్లింలు కలిసి అగ్నిగుండం చుట్టూ చేరే ఆ పండుగ పాటలను ఒక ఏడు విత్తనాల కాలంలో వేయాల్సివస్తే, కొన్నేళ్లకు మాఘమాసపు చలిలో వేయాలి. ఇక మూడోది కార్తెల లెక్క. సూర్యుడు నక్షత్రాల మీదుగా నడిచే దాన్ని బట్టి ఏడాదికి ఇరవై ఏడు కార్తెలు. ఆఫీసు నడిచేది జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు లెక్క మీద. శ్రోత మాత్రం రోహిణి, మృగశిర, ఆరుద్ర అంటాడు. క్యూషీటు పైన అచ్చులో ఉండేది ఇంగ్లీషు తేదీ. పనిమంతులు దాని పక్కన పెన్సిలుతో కార్తె పేరు రాసుకోవాలి.

పాట పక్కన పాట పెట్టడంలో ఇంకో మర్మం శ్రుతి. ఒక మగ గొంతు ఒకటో కట్టెలో ఆపిన వెంటనే అయిదో కట్టెలో ఆడ గొంతు ఎత్తుకుంటే చెవి ఉలిక్కిపడుతుంది. కల్యాణిలో ముగిసిన కీర్తన వెనకే తోడి మొదలైతే, రెండు రాగాలూ మంచివే అయినా, రెండూ చెడతాయి. నడుమ అనౌన్సరు మాట నాలుగు క్షణాలు ఉండాలి. ఆ మాట సమాచారం కోసం అనుకుంటాం. సగం పని చెవిని కడగడానికే. తెల్లవారుజామున భూపాళం, పొద్దెక్కాక బిలహరి, రాత్రి నీలాంబరి అన్న సంప్రదాయం కూడా రేడియో చేతికి సిద్ధంగా దొరికిన సాధనం. కర్ణాటక సంగీత కచేరీల్లో వేళల పట్టింపు అంతగా లేదు. రేడియో రోజంతా మోగుతుంది కనుక, వేళకు రాగం అన్న పాత మాటను కచేరీ సభల కన్నా అదే ఎక్కువ నిలబెట్టిందేమో అనిపిస్తుంది.

పాటల ఎంపికలో ఆకాశవాణికి ఇంత పట్టింపు ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే కొంచెం వెనక్కి పోవాలి. 1952లో సమాచార శాఖ మంత్రి అయిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాటంటే గిట్టదు. ఆకాశవాణిలో దాన్ని దాదాపు మూతపెట్టేశారు. జనం ఊరుకున్నారా? రేడియో సిలోన్ వైపు ముల్లు తిప్పారు. 1957 అక్టోబరు 3న వివిధభారతి పెట్టేదాకా పోయిన శ్రోతలు తిరిగి రాలేదు. ఆ అయిదేళ్ల మొండితనాన్ని నేను సమర్థించను. కానీ అందులోంచి తెలుగుకు ఒక లాభం దక్కింది. సినిమా పాట లేని చోట పదం పలికేట్టు, నాలుగు నిమిషాల్లో ముగిసేట్టు, ఇంట్లో పిల్లలు కూడా పాడుకునేట్టు ఏదైనా కావాలి. లలిత సంగీతం అనే ఆ చిగురుకు విజయవాడ, హైదరాబాదు కేంద్రాలు నీళ్లు పోశాయి. బాలాంత్రపు రజనీకాంతరావు, పాలగుమ్మి విశ్వనాథం లాంటివాళ్లు స్వరకర్తలూ, కార్యక్రమ రూపకర్తలూ ఒకే ఒంట్లో ఉన్నవాళ్లు. దేవులపల్లి కృష్ణశాస్త్రి పాటలు ఇంటింటా తెలిశాయంటే అందులో రేడియో వాటా పెద్దది. ‘ఈ మాసపు పాట’ పేరుతో ఒకే పాటను నెలంతా వినిపించేవాళ్లు. మొదటి వారం కొత్తగా ఉంటుంది, రెండో వారం నోటికి వస్తుంది, నెలాఖరుకు ఆ పాట శ్రోత సొంతం. వోలేటి వెంకటేశ్వర్లు విజయవాడ నుంచి నడిపిన సంగీత శిక్షణ ఇంకో మెట్టు పైది. గురువు దొరకని ఊళ్లలో రేడియో ముందు పుస్తకం పెట్టుకుని కూర్చుని నేర్చుకున్నారు.

అనంతపురం జిల్లా ఈ కథలో ఊరికే వినే పక్షాన లేదు. రాళ్లపల్లి గ్రామంలో 1893లో పుట్టిన అనంతకృష్ణశర్మ మైసూరులో తెలుగు పండితులుగా పనిచేసి, తరవాత తిరుపతిలో అన్నమాచార్యుల రాగిరేకుల పాటలను పరిష్కరించారు. వందకు పైగా కీర్తనలకు స్వరం కట్టారు. 1974లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. మాట మాత్రమే మిగిలి బాణీ పోయిన పాటలకు ఆయన మళ్లీ గొంతునిచ్చారు. పొద్దున్నే భక్తిరంజనిలో అన్నమయ్య కీర్తన విన్నవాళ్లలో ఎందరికి ఈ కరవు నేల పేరు గుర్తొస్తుందో!

కేస్కర్ కాలంలోనే బిగిసిన మరొక వ్యవస్థ ఆడిషన్. కళాకారుడు పాడితే, తెర వెనక న్యాయనిర్ణేతలు విని బి, బి-హై, ఏ, టాప్ అని శ్రేణి ఇస్తారు. సిఫారసులతో, వంశం పేరుతో మైకు దగ్గరికి వచ్చే రోజులకు అది అడ్డుకట్ట వేసింది. ఆ మేలు కాదనలేం. కానీ అదే కొలబద్దను చెక్కభజన గురువు ముందు పెడితే ఏమవుతుంది? ఆయన పాట ఆయన ఒక్కడిది కాదు. మధ్యలో ఆయన, చుట్టూ చెక్కలు మోగిస్తూ అడుగు వేసే జట్టు, ఆ అడుగు వేగాన్ని బట్టి పెరిగే పాట. నిశ్చలంగా మైకు ముందు నిలబడి పాడమంటే సగం ఊపిరి అక్కడే పోతుంది. హార్మోనియం సంగతి మరీ విడ్డూరం. గమకం పలకదని 1940లో రేడియో నుంచి దాన్ని వెలివేశారు, 1971 దాకా పట్టు సడలించలేదు. పద్యనాటకమూ, పండరి భజనా, తోలుబొమ్మలాటా హార్మోనియం లేకుండా ఊహించలేని రాయలసీమకు ఆ ముప్పై ఏళ్లు రేడియోలో వినిపించింది తన సొంత గొంతు కాదు.

అందుకే స్థానిక కేంద్రం వచ్చాక అసలు పని స్టూడియో బయట మొదలైంది. ఉరుముల వాళ్లను రికార్డు చేయడం ఎంత కష్టమో ఆ వాద్యం ఎదుట నిలబడితే తెలుస్తుంది. ఉరుము ఒక ముఖం మీద వంకీ పుల్లతో రాస్తే మబ్బు గర్జించినట్టు సాగుతుంది, రెండో ముఖం మీద దెబ్బ పడుతుంది. రెంటినీ మైకు ఒకేలా వినదు. దగ్గర పెడితే దెబ్బకు మీటరు ముల్లు ఎర్రగీత దాటి శబ్దం చిట్లుతుంది, దూరం పెడితే గర్జన గాలిలో కలిసిపోతుంది. మైకును రాసే ముఖం వైపు ఓరగా, మనిషి ఎత్తుకు కొంచెం పైగా పెట్టి, కాలి గజ్జెలు వేరుగా అందేట్టు చూసుకోవాలి. మీడియం వేవ్‌లో పైస్థాయి ధ్వనులు తెగిపోయేవి, చెక్కల చివర ఉండే చిన్న తాళాల గలగల గరగరలా వినిపించేది. ఎఫ్‌ఎం దాన్ని గలగలగానే చేర్చింది. సాంకేతికంగా ఇది చిన్న సంగతి. జానపదం వినసొంపుగా ఉండదు అన్న పట్నం అభిప్రాయంలో మాత్రం కొంత ఆ మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్ పుణ్యమే.

ధర్మవరం దగ్గర నిమ్మలకుంట తోలుబొమ్మలకు పేరున్న ఊరు. అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. బొమ్మలాటను రేడియోలో ఎవరు చూస్తారని నవ్వవచ్చు. కానీ తెర తీసేస్తే మిగిలేది తక్కువేమీ కాదు. ద్విపద నడక, మృదంగం, యుద్ధం వచ్చినప్పుడు కాళ్ల కింద చెక్కలు టపటపలాడడం. చిక్కు వేరేచోట ఉంది. రాత్రంతా సాగే ఆటను పదిహేను నిమిషాల్లో ఇరికించాలి. ఎక్కడ కోయాలి? హాస్యం తీసేసి కథ ఉంచుతారు కొందరు, అది పెద్ద పొరపాటు. బంగారక్క, కేతిగాడు లేని బొమ్మలాట పురాణ కాలక్షేపం అవుతుంది. కథ అందరికీ తెలిసిందే కనుక, కథనే కోసి కేతిగాణ్ణి ఉంచడం నయం. టేపుల కాలంలో ఈ కోతలు బ్లేడుతో జరిగేవి. సెకనుకు ఏడున్నర అంగుళాలు నడిచే టేపులో పన్నెండు వందల అడుగుల చుట్ట ముప్పై రెండు నిమిషాలు. తాళం మీద కోస్తే అతుకు వినపడదు, మాట మధ్య కోస్తే చచ్చినా దాగదు. ఇప్పుడు కంప్యూటరు తెర మీద తప్పు కోత వెనక్కి వస్తుంది. అప్పుడు నేల మీద పడిన ముక్క వెతుక్కోవాలి.

ఇదే నేల మీద ఇంకో తరహా ప్రసారం కూడా పుట్టింది. పుట్టపర్తి నుంచి 2001 నవంబరు 23న రేడియో సాయి మొదలైంది, వరల్డ్‌స్పేస్ వారి ఉపగ్రహం మీద. భజనలు, ప్రసంగాలు, ఇరవై నాలుగు గంటలూ. 2009 చివరికి వరల్డ్‌స్పేస్ భారతదేశంలో మూతపడ్డా అది ఇంటర్నెట్‌లో కొనసాగింది. అక్కడి చిక్కు అనంతపురం ఎఫ్‌ఎంకు అద్దంలో బొమ్మలా ఎదురుగా ఉంటుంది. శ్రోతలు ఖండాల మీద చెదిరి ఉన్నప్పుడు సుప్రభాతం ఎవరి తెల్లవారికి వేయాలి? ఆసియాకొక ధార, అమెరికాకొక ధార విడదీసి నడిపారు. వేళ అన్నది అక్కడ గడియారాల మధ్య సర్దుబాటు, ఇక్కడ మబ్బుతో బేరం.

ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్లలో ఈ పనంతా సాఫ్ట్‌వేరుది. పదే పదే కొన్ని పాటలే తిప్పే పద్ధతిని 1950లలో అమెరికాలోని ఒమాహాలో టాడ్ స్టార్జ్ పాతుకునేట్టు చేశాడు. 1979 తరవాత సెలెక్టర్ లాంటి ప్రోగ్రాములు దాన్ని లెక్కల్లో పెట్టాయి. ఒక గాయకుడి పాట తరవాత అదే గాయకుడు ఎన్ని నిమిషాల దాకా రాకూడదు, రెండు నెమ్మది పాటలు ఒకదాని వెంట ఒకటి పడవచ్చా, కొత్త పాట రోజుకు ఎన్నిసార్లు తిరగాలి, అన్నీ అందులో నింపవచ్చు. నాకు దాని మీద చిన్నచూపేమీ లేదు. అలసిన మనిషి నెలకు రెండుసార్లు అదే పాట ఒకే వేళకు వేస్తాడు, యంత్రం వేయదు. కాకపోతే ప్రతి పాటకూ ‘ఉత్సాహం’, ‘విషాదం’ అని గుర్తు తగిలించమంటుంది. కప్పతల్లి పాటకు ఏ గుర్తు తగిలించాలి? జూన్‌లో ఒకటి, సెప్టెంబరులో ఇంకొకటి అని రాసే గడి అందులో లేదు.

ఇప్పుడు కేంద్రాల్లో స్థానిక ప్రసారాల పక్కన రిలేలు పెరిగాయి, అనౌన్సర్లలో క్యాజువల్‌గా వచ్చిపోయేవాళ్లు ఎక్కువ. అయితే బెంగళూరులో భవనాల పనికి వలస పోయినవాళ్లు ఫోను యాప్‌లో అనంతపురం కేంద్రాన్ని పెట్టుకోవచ్చు. ట్రాన్స్‌మిటర్ అందని దూరానికి గొంతు అందుతోంది. పాత స్పూళ్లను కంప్యూటరులోకి ఎక్కించే పని కూడా నడుస్తోంది. అందులో అందరూ ధ్వని నాణ్యత గురించే మాట్లాడతారు. నాకు బెంగ డబ్బా మీద అంటించిన చీటీ గురించి. ‘జానపద గీతాలు, స్త్రీలు, 12 నిమిషాలు’ అని మాత్రమే రాసి ఉంటే, ఆ గొంతు ఏ ఊరిదో, విత్తనం వేయకముందు పాడిందో కాయ పెరికాక పాడిందో ఇక ఎవరూ చెప్పలేరు. రికార్డు చేసినవాళ్లు చాలామంది ఉద్యోగ విరమణ చేసి ఊళ్లలో ఉన్నారు. ఎక్కించే ముందు ఒక్కొక్క చుట్టనూ వాళ్లకు వినిపించి, ఊరు, మనిషి, కార్తె అడిగి రాయించుకోవాలి. యంత్రానికి అరగంట పట్టే చుట్టకు అలా ఒక పూట పడుతుంది. ఆ పూటకు జీతం ఏ పద్దులోంచి ఇవ్వాలన్నది ముందు తేలాలి.